పిడుగు గిటారు, మా ఆయన సర్దుబాట్లు

నేను స్నానం చేసి వచ్చేసరికి మా పడకగదిలో మంచం గోడకు నిలబడి ఉంది. పరుపు కిటికీకి అడ్డంగా, దుప్పట్లు తలుపు మీద. గది మధ్యలో మా ఆయన యాంప్లిఫయరు, నల్లటి బరువైన పెట్టె. దాని మూతికి ఎదురుగా స్టాండుకు తగిలించిన మైకు. బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. మడత పెట్టిన బట్టలు శబ్దాన్ని మింగుతాయట. నేను వాటిని మడత పెట్టింది అందుకు కాదని ఎవరికి చెప్పను?

"ఈ ఒక్క పూటా ఓర్చుకో," అన్నారాయన వైరు చుట్ట విప్పుతూ.

ఆయన ఉద్యోగం తూకం యంత్రాలు సరిచేయడం. దుకాణాల్లో, గిడ్డంగుల్లో ఉండే కాటాలు గ్రాము అటూ ఇటూ చూపిస్తే ఈయన వెళ్ళి దారిలో పెట్టి వస్తారు. మిగిలిన జీవితమంతా ఇంటి వెనక ఉన్న చిన్న గదిలో గడుస్తుంది. దాన్ని ఆయన స్టూడియో అంటారు. నేను వెనక గది అంటాను. అందులో ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, గోడలకు స్పాంజి పలకలు, ఎక్కడ మొదలై ఎక్కడ పోతాయో తెలియని వైర్లు. యాంప్లిఫయరు పక్కనే పెడితే అసలు శబ్దమేదో స్పీకర్ల శబ్దమేదో తెలియదని, దాన్ని తెచ్చి నా గదిలో పెట్టారు.

చేస్తున్న పనిని రీయాంపింగ్ అంటారు. గిటారు తీగల నుంచి నేరుగా కంప్యూటరులోకి వెళ్ళిన శబ్దానికి రుచీ పచీ ఉండదు. డబ్బాకు చుట్టిన రబ్బరు బ్యాండును లాగినట్టు టింగు టింగుమంటుంది. కండా, కరుకూ, నిండుదనమూ అన్నీ యాంప్లిఫయరు ఇవ్వాల్సిందే. అందుకని ముందు ఆ ఉత్త శబ్దాన్ని దాచుకుని, తర్వాత తీరిగ్గా దాన్ని కంప్యూటరు నుంచి బయటికి పంపి, అరచేతిలో పట్టే చిన్న పెట్టె గుండా యాంప్లిఫయరులోకి ఎక్కిస్తారు. ఎవరో ఎదురుగా కూర్చుని గిటారు వాయిస్తున్నారనే యాంప్లిఫయరు అనుకుంటుంది. దాని ముందు మైకు పెట్టి మళ్ళీ రికార్డు చేస్తారు. వాయించిన మనిషి ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా పరవాలేదు.

మాకు ఆ అవసరం అందుకే వచ్చింది. వాయించిన మనిషి మా ఆడపడుచు. అందరూ పిడుగు అంటారు. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు నడుపుతుంది, తీరిక దొరికితే తన జట్టుతో గిటారు వాయిస్తుంది. వాళ్ళు సొంతంగా కట్టుకున్న పాటలను రికార్డు చేయడం మొదలుపెట్టారు. మొదటి పాటకి తన గిటారు పూర్తయిన వారంలోనే స్కూటరు మీద నుంచి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని చివరి రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. మళ్ళీ తీగ నొక్కగలదా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన పిడుగు వైపు చూడలేదు, కాగితం వైపు చూశారు. అంటే తను వాయించినదంటూ లోకంలో మిగిలేది ఇదొక్క పాటే.

మా ఆయన ముందు కంప్యూటరులోనే ఉన్న ఉత్తుత్తి యాంప్లిఫయరు తగిలించి వినిపించారు. పిడుగు సగం విని, "ఇది నేను కాదు," అంది. ఇంకోటి మార్చి వినిపించారు. అదీ కాదంది. చివరికి, "ఇలాగే ఉండేటట్టయితే నాది తీసేయండి. కొత్తతన్ని పిలిచి వాయించుకోండి. నా పేరు కూడా వేయొద్దు," అని వెళ్ళిపోయింది. జట్టు పెద్ద డ్రమ్ములు వాయించే అబ్బాయి. అతన్ని మద్దెల అంటారు. ఆ మద్దెల నిజంగానే ఒక కొత్త గిటారు మనిషితో మాట్లాడి పెట్టాడు. అతను రేపు వస్తాడు. ఈలోగా నిజమైన యాంప్లిఫయరుతో పిడుగు చేత ఔననిపిస్తానని మా ఆయన పట్టు. అదీ సంగతి.

పొద్దున్నంతా ఒక గుర్రుమనే చప్పుడుతో పోయింది. పాట మొదలుకాక ముందే యాంప్లిఫయరు కడుపులోంచి ఒకటే గుర్రు. మా ఆయన ఇంట్లో లైట్లన్నీ ఆర్పించారు. ఫ్యాన్లు ఆపించారు. వాషింగ్ మెషీను తడిబట్టలతో సహా సగంలో ఆగిపోయింది.

"ఫ్రిజ్ కూడా ఆపు," అని కేకేశారు.

"పాలు విరుగుతాయండీ!"

"ఇక్కడ నా బుర్ర విరుగుతోంది!"

ఫ్రిజ్ ఆపాను. గుర్రు తగ్గలేదు. చాలాసేపటికి ఆ చిన్న పెట్టెను తిరగేసి చూసి, దాని వెనకున్న బుల్లి మీట ఒకటి అటు నుంచి ఇటు నొక్కారు. గుర్రు ఠక్కున ఆగింది. ఆయన నా వైపు చూడకుండా వెనక గదిలోకి వెళ్ళిపోయారు. నేను ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేసి, వాషింగ్ మెషీను జోలికి పోకుండా వచ్చాను.

అప్పటికి పిడుగు వచ్చి వెనక గదిలో స్టూలు మీద కూర్చుంది. ఎడమ చేతికి కట్టుపట్టీ. కుడిచేత్తో దాని అంచు పీకుతూనే ఉంటుంది. నా పని ఏమిటంటే, చెవుల్లో దూది పెట్టుకుని పడకగదిలో నిలబడి, ఆయన వెనక గది నుంచి చెప్పినట్టల్లా మైకు జరపడం. మైకును పెట్టెలోని స్పీకరు నడిమధ్యకి పెడితే శబ్దం గుచ్చుకుంటుంది. అంచుకి జరిపితే మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది. వేలెడు జరిగితే పాట మారిపోతుంది.

"కొంచెం ఎడమకి!"

జరిపాను.

"నీ ఎడమ కాదు! పెట్టె ఎడమ!"

"పెట్టెకి ఎడమా కుడీ ఏమిటండీ? దానికేమైనా చేతులున్నాయా?"

పిడుగు నవ్వు వినబడింది. వచ్చాక తను నవ్వడం అదే మొదటిసారి. పాట మొదలైంది, ఆగింది. నేను తలుపు దగ్గరికి వచ్చి చెవులొగ్గాను.

"ఎలా ఉంది?" అని ఆయన.

"కాదు."

"ఏది కాదు? బాస్ తక్కువైందా? ట్రెబుల్ ఎక్కువైందా? చెబితే కదా తెలిసేది."

"అన్నయ్యా, నేను ఫోన్ చేస్తే పేరు చూడకుండా గుర్తుపడతావా?"

"పడతాను."

"ఎలా?"

"ఎత్తగానే తిట్లు మొదలవుతాయి కాబట్టి."

"ఈ గిటారు తిట్టడం లేదు," అంది పిడుగు. "చాలా మర్యాదగా ఉంది. ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంది."

"మర్యాదకి మీట ఏదో చూపించవే, తగ్గిస్తాను!"

తర్వాత యాంప్లిఫయరు గుండీలు ఒక్కొక్కటే తిప్పారు. మైకు మార్చారు. మార్చిన మైకు బాగాలేదని మళ్ళీ పాతది పెట్టారు. పెట్టెను నేల మీంచి కుర్చీ మీదికి ఎక్కించాం. ఆ కుర్చీ కిర్రుమంటోందని మళ్ళీ దించాం. ప్రతిసారీ అదే పాట, అదే ముక్క. ప్రతిసారీ వెనక గది నుంచి "కాదు". నా నడుము పట్టేసింది. మైకు స్టాండు మర ఒకటి అరిగిపోయి ఉంది. బిగించి చెయ్యి తీయగానే అది నెమ్మదిగా తల దించుకుంటుంది. మొత్తం ఇంట్లో తన తప్పు ఒప్పుకున్నట్టుండేది అదొక్కటే.

మధ్యాహ్నం మద్దెల వచ్చాడు. గుమ్మంలోనే ఆకలన్నాడు. నలుగురికీ వంటింట్లోనే వడ్డించాను. మిగతా ఇల్లంతా వైర్లు.

"బయట నుంచి విన్నానక్కా. శబ్దం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు తింటూనే. "గోడ కదిలినట్టుంది. ఇంకేం కావాలి దీనికి?"

"అదే కదా నేను మొత్తుకునేది," అన్నారు మా ఆయన. "పొద్దున్నించీ చంపుతోంది. నువ్వైనా చెప్పు."

"రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందట," అంది పిడుగు. "వాడికీ రెండు వైపులా దెబ్బలే. వాడేం చెబుతాడు?"

మద్దెల ముద్ద దించుకుని, గొంతు తగ్గించాడు. "పిడుగూ, ఒకటి చెబుతా విను. కొత్తతను రేపు ఒక్క రోజే ఖాళీ. నువ్వు ఔనంటే అతనికి ఫోన్ చేసి వద్దంటాను. కాదంటే కాదను. కానీ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చు. నీది తీసేయడం నాకేం సరదా కాదు."

"నాకు సరదానా?" అంది పిడుగు. ఆ తర్వాత తలెత్తలేదు. ఎడమచేత్తో పట్టుకోవాల్సిన గిన్నె రెండుసార్లు జారింది. ఎవరమూ చూడనట్టే ఉన్నాం. అది తనకి ఇంకా చిరాకు.

భోజనాలయ్యాక మళ్ళీ నా కొలువులో నేను నిలబడ్డాను. మళ్ళీ అదే ముక్క మొదలైంది. ఈసారి దూది సరిగ్గా పెట్టుకోలేదు. పెట్టెకి అంత దగ్గరగా, మధ్యలో గోడలూ మాటలూ ఏమీ లేకుండా, పొద్దున్నించీ వింటున్నది నేనొక్కదాన్నే. శబ్దం బాగానే ఉందనిపించింది. మద్దెల చెప్పినట్టు గోడ కదులుతోంది. అయినా ఏదో లేదు. కూరలో ఉప్పూ కారమూ సరిపోయి కూడా ఏదో వేయడం మర్చిపోయామని నాలుకకి తెలుస్తుందే, అలాగ.

పిడుగు రికార్డు చేసిన రోజున నేను పక్క గదిలోనే ఉన్నాను. ఆ పాటలో పైతీగల మీద కాసేపు తిరిగి, చివరికి లావు తీగ మీదికి దిగుతుంది. దిగే ముందు పిడుగు ఒక రెప్పపాటు ఆగేది. చీకట్లో మెట్లు దిగేవాళ్ళు ఆఖరి మెట్టు కోసం కాలితో వెతుక్కుంటారు చూడండి, అలాగే. దిగాక ఆలస్యమైనందుకు కోపమొచ్చినట్టు కాస్త ముందుకు తోసుకుపోయేది. వేళ్ళు తీగ మీద జారినప్పుడు కీచుమని చిన్న చప్పుడు. ఇప్పుడీ పెట్టెలోంచి వస్తున్న గిటారు లిఫ్టులో దిగుతోంది. వెతుకులాట లేదు, కీచు లేదు.

పాట ఆగింది. వైరు మార్చడానికి మా ఆయన లోపలికి వచ్చారు.

"ఏవండీ, ఇది ఆ రోజు తను వాయించిందేనా?"

"మరి నేను వాయించానా?"

"లావు తీగ మీదికి దిగే ముందు ఆగేది కదా. ఇప్పుడు ఆగడం లేదేం?"

ఆయన వైరు కొస చూస్తూ నిలబడ్డారు. ఆ కొసలో చూడ్డానికేమీ లేదు.

"అది ఆగడం కాదు. ఆలస్యం," అన్నారు. "సర్దాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. కంప్యూటరులో గీతలు కనబడతాయి, ఏ దెబ్బ ఎక్కడ పడాలో. తనవి కొన్ని వెనక పడ్డాయి, కొన్ని ముందు. పట్టుకుని గీత మీద పెట్టాను. కీచు చప్పుళ్ళు తుడిచాను. అందరూ చేసేదే. పచ్చిది అలా వదిలేస్తారా ఎక్కడైనా?"

తలుపు మీది దుప్పటి కదిలింది. పిడుగు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఎన్ని చోట్ల?" అంది.

"కొన్ని."

"అన్నయ్యా, ఎన్ని చోట్ల?"

"అన్ని చోట్లా," అన్నారాయన.

అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. గోడకు నిలబెట్టిన మంచానికి ఆనుకుని, "పొద్దున్నించీ నన్ను పిచ్చిదాన్ని చేశావు," అంది మెల్లగా. "ఏం కావాలో చెప్పలేకపోతున్నానని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. చెయ్యి పోయింది సరే, చెవి కూడా పోయిందేమో అనుకున్నాను."

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావే," అన్నారు మా ఆయన. "వచ్చి కూర్చుంటే నువ్వు గోడకి తిరిగి పడుకునేదానివి. ఇంటికొచ్చి ఏం చేయాలో తోచేది కాదు. ఇదొక్కటే నా చేతిలో ఉన్న పని. లేచాక వింటావు, ఒక్క తప్పూ లేదని సంతోషిస్తావు అనుకున్నాను."

"చెప్పావా?"

"చెప్పాల్సినంత విషయమనుకోలేదు. సరే, పొరపాటే. ఇంకోసారి నిన్నడక్కుండా ముట్టుకోను."

"ఇంకోసారా?" అంది పిడుగు, తన చేతివైపు చూసుకుంటూ.

యాంప్లిఫయరు సన్నగా బుసకొడుతోంది. దాన్ని ఆపుదామని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి మీద కోపమూ వచ్చింది. సొంత చెల్లెలి చేతికీ కాటా యంత్రానికీ తేడా తెలియని మనిషిని పట్టుకుని పొద్దున్నించీ నేను మైకులు జరిపాను.

"పాతది ఉందా, పారేశారా?" అన్నాను.

"ఉంది. పైన సర్దినదంతా తీసేస్తే అడుగున అలాగే ఉంటుంది. కానీ..." ఆయన మద్దెల వైపు చూశారు. అతనూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కానీ నేను డ్రమ్ములు వాయించింది సర్దినదాని మీద. అంతేనా అన్నా?" అన్నాడు మద్దెల.

మా ఆయన తలూపారు.

"నాకప్పుడే అనుమానం వచ్చింది. పిడుగేంటి, ఇంత బుద్ధిగా వాయించడమేంటి అని. ఒంట్లో బాగాలేని రోజున వాయించిందేమోలే అనుకున్నా." మద్దెల జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి పీక్కున్నాడు. "అంటే ఇప్పుడది పెడితే నాదంతా మళ్ళీ వాయించాలి. నా దరువు మీద వాయించినవాళ్ళందరూ మళ్ళీ వాయించాలి. అయ్యో రామా! ముందు ఒక్క మాట చెప్పి ఏడవచ్చు కదన్నా!"

"కొత్తతన్నే పిలువు," అంది పిడుగు. "ఇంతమందికి మళ్ళీ పని ఎందుకు?"

"నువ్వుండు. ముందు విననీ," అన్నాడు మద్దెల.

మా ఆయన వెనక గదిలోకి వెళ్ళారు. నేను మైకు దగ్గరే ఉన్నాను. అక్కడి నుంచి ఈసారి ఎడమకనీ కుడికనీ కేకలు రాలేదు. కాసేపటికి పెట్టె మోగింది.

మైకు, గుండీలు అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అయినా గదిలోకి ఎవరో వచ్చినట్టయింది. తీగల మీద వేళ్ళు కీచుమన్నాయి. ఒక దెబ్బ పక్క తీగకి తగిలి టక్కుమంది. పైనంతా విసవిసా తిరిగి, ఆ దిగే చోటికొచ్చి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. తర్వాత దిగి, తోసుకుంటూ పోయింది. నలుగురినీ కూచోబెట్టి కడిగేసే మనిషి గొంతు అది. చివరికొచ్చేసరికి మాత్రం చెయ్యి అలిసిందో ఏమో, దారి తప్పి తడబడి, ఎలాగో ఒడ్డెక్కింది.

నేను వెనక గదికి వెళ్ళేసరికి రికార్డయినదాన్ని మళ్ళీ వింటున్నారు. మద్దెల మోకాళ్ళ మీద దరువేస్తూ మధ్యమధ్యలో తప్పుతున్నాడు, తిట్టుకుంటున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాడు. పిడుగు కళ్ళు మూసుకుంది.

"ఇది నేనే," అంది. మరి కాసేపు విని కళ్ళు తెరిచింది. "అబ్బా! చివర్న ఇంత ఘోరంగా వాయించానా?"

మా ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "చూశావా! అందుకే కదా నేను..."

"నువ్వు మాట్లాడకు."

"ఇప్పుడు నువ్వే అన్నావు ఘోరంగా ఉందని!"

"నేనంటాను. నువ్వనకు. ఆ చివరి ముక్క ఒక్కటీ తీసేయ్. సర్దకు, తీసేయ్. గిటారు లేకుండా వదిలేయ్."

"ఆ ఖాళీలో నేనేం చేయను?" అన్నాడు మద్దెల.

"మద్దెలవి కదరా, మోగు."

అతను మా ఆయన వైపు, నా వైపు, మళ్ళీ పిడుగు వైపు చూశాడు. ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. "రేపు రావద్దు బాబూ... అబ్బే, నీ వాయింపుకేం, బాగుంటుంది... పాతావిడదే ఉంటోంది... అవును, అంతా మళ్ళీ వాయించాలి... నవ్వకు, నా చేతులు పడిపోతాయి," అని అతను ఎవరినో బతిమాలుకోవడం కిటికీలోంచి వినబడింది.

ఇక్కడితో పని తెమిలిందనుకున్నాను. తెమల్లేదు. పిడుగు స్టూలును అన్నయ్య కుర్చీ పక్కకి లాక్కుంది. మొదటి నుంచి ఒక్కొక్క దెబ్బే వినడం మొదలుపెట్టారు. పక్క తీగకి తగిలిన టక్కు తప్పంది, తీయమంది. కీచు చప్పుళ్ళు ముట్టుకోవద్దంది. ఒకచోట ఆగినది తనదేనంది. ఇంకోచోట ఆగినది తనది కాదు, వేలు జారిందంది.

"రెండూ ఒకటే కదే!" మా ఆయన తెర మీద వేలు పెట్టి చూపించారు. "ఇదిగో, గీతకి ఇది ఎంత వెనకో అదీ అంతే వెనక. కొలిచి చూపించనా?"

"కొలవకు."

"కొలవకపోతే ఏది తప్పో ఏది కాదో నాకెలా తెలుస్తుంది?"

"నన్నడుగు."

ఆయన గట్టిగా నిట్టూర్చారు. మౌసు మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతికి ఏం చేయాలో తెలియనట్టుంది. పిల్లవాడి దగ్గర బొమ్మ లాక్కున్నట్టు మొహం.

"సరే. ఇది?" అన్నారు.

"మళ్ళీ వినిపించు," అంది పిడుగు.